గ్రాండ్ డ్యూక్ గారి బొడ్డుమల్లె

అక్టోబర్ 7

రిటైరయి నెల దాటింది. నాకు పెద్ద తేడా ఏమీ తెలియడం లేదు.

ఇవాళ పోపుల డబ్బా సర్దాను. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, మెంతులు, అకారాది క్రమంలో. పద్మిని వచ్చి చూసి రెండు చేతులూ జోడించింది. "నలభై ఏళ్ళు గుండెలు చూసిన చేతులండీ అవి. నా ఆవాల జోలికి రాకండి, మీకు పుణ్యముంటుంది" అంది.

ఈ డైరీ హాస్పిటల్ వాళ్ళు వీడ్కోలు రోజున ఇచ్చారు, ఒక గోడ గడియారంతో పాటు. గడియారం గరాజ్‌లో ఉంది. టైమ్‌తో నాకిప్పుడు పనేముంది?

అక్టోబర్ 13

ఇవాళ చలి గడ్డకట్టిస్తుందని ఫోన్లకి హెచ్చరిక వచ్చింది. ఇల్లినాయ్‌లోని ఈ అరోరాలో తెలుగువాళ్ళకి ఇది ఏటా వచ్చే పండగే. కుండీలు లోపలికి మోసే రోజు. గౌరీశంకర్ నేపర్‌విల్ నుంచి తన ట్రాలీ వేసుకొచ్చాడు. గుంటూరు మనిషి, రిటైరైన కెమికల్ ఇంజనీరు, నాకన్నా రెండేళ్ళు చిన్న, నాకన్నా అన్నీ ఎక్కువ తెలుసని నమ్మకం.

ఇద్దరం కలిసి కరివేపాకు కుండీని గరాజ్‌లోకి దొర్లించాం. పైన లైటు, పక్కన హీటర్. "ఏవయ్యా విశ్వనాథం, సొంత కూతురికి కూడా ఇంత సేవ చేసుండవు నువ్వు" అన్నాడు. నిజమే. కార్లు రెండూ బయట చలిలో, కరివేపాకు లోపల వెచ్చగా.

అక్టోబర్ 17

నదిగట్టు మీదున్న హాలోవే గ్లాస్‌హౌస్‌లో వాలంటీర్ గైడ్లు కావాలట. పద్మిని నా పేరు మీద అప్లై చేసేసింది. మంగళ, గురు, శనివారాలు. "మధ్యాహ్నం భోజనానికి కూడా రానక్కర్లేదు, క్యారేజీ కట్టిస్తాను" అంది. ఆలోచిస్తానన్నాను. ఆలోచించడానికేముంది, బ్యాడ్జీ కూడా వచ్చేసింది.

అక్టోబర్ 21

వెళ్ళాను. వెళ్ళి చూడడంలో తప్పేముంది.

తలుపు తీయగానే కళ్ళద్దాలకి ఆవిరి కమ్మేసింది. అద్దాలు తుడుచుకునే లోపు ముక్కుకి తెలిసిపోయింది. తడిమట్టి, మగ్గిన ఆకు, ఎక్కడో అరటి. బయట నాలుగు డిగ్రీలు, లోపల మైలవరం. నేను పుట్టిన ఊరి గాలి ఇల్లినాయ్‌లో గాజు కింద దాచిపెట్టుకున్నట్టుంది.

వందేళ్ళ కిందట కుట్టుమిషన్ల ఫ్యాక్టరీ ఆసామి ఒకాయన యూరప్ వెళ్ళి, అక్కడి ప్రభువుల గాజుభవనాలు చూసి, నాకూ ఒకటుండాలని కట్టించాడట. తాటిచెట్లు, అరటి, అల్లం, చింత కూడా ఉంది. ఇంచార్జి పేరు డోనా. అరవై దగ్గర వయసు, మోకాళ్ళ దగ్గర మట్టి మరకలు, మాటకి ముందు నవ్వు. నన్ను చూడగానే "విశ్" అని పిలవడం మొదలుపెట్టింది. చివరి 'నాథం' ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు.

అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప. చివరి మడిలో స్తంభాన్ని ఆనుకుని నా తలకన్నా ఎత్తున ఒక గుబురు. ఆకు చూడగానే గుర్తుపట్టాను. బొడ్డుమల్లె! రేకుల మీద రేకులతో ముద్దగా పూసే మల్లె. దాని కింద ఇత్తడి పలక: "గ్రాండ్ డ్యూక్ ఆఫ్ టస్కనీ." మా అమ్మ పెరట్లో పూసిన పువ్వుకి ఇటలీ దొర పేరా! డోనాని అడిగితే, "ఆ పేరుతోనే అమ్ముతారు విశ్, నేను పెట్టలేదు" అంది. పూసి చాలా ఏళ్ళయిందట.

ఇంటికొచ్చి పద్మినికి చెప్పాను. "ఆ మొక్క ఉందా ఇక్కడ!" అంది. చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

అక్టోబర్ 28

టూర్ల కోసం గాజుభవనాల చరిత్ర చదువుతున్నాను. చదివేకొద్దీ నవ్వొస్తోంది. ఒకప్పుడు ఇంగ్లండులో అనాసపండు పండించడానికి గుర్రప్పేడ పోగులు వేసి, ఆ వేడి మీద మొక్కల్ని పెంచేవాళ్ళట. పండు తినడానికి కాదు, విందులో బల్ల మీద చూపించుకోడానికి. కొనలేనివాళ్ళు ఒక సాయంత్రానికి అద్దెకి తెచ్చుకునేవాళ్ళు! ఫ్రాన్సులో రాజు నారింజ చెట్లని చెక్కపెట్టెల్లో పెంచి, చలి రాగానే లోపలికి దొర్లించేవాడట.

ఇది చదివి పగలబడి నవ్వాను. తర్వాత గరాజ్‌లో కరివేపాకుకి నీళ్ళు పోయడానికి వెళ్ళి, అక్కడ కాసేపు నవ్వకుండా నిలబడ్డాను.

నవంబర్ 4

టస్కనీ డ్యూక్ కథ దొరికింది. ఎంత నిజమో తెలియదు, జనం చెప్పుకునే కథ. గోవా నుంచి ఓడలో మల్లెమొక్క తెప్పించుకున్నాడట ఆ మహానుభావుడు. ఒక్క రెమ్మ కూడా బయటికి పోకూడదని తోటమాలులకి ఆజ్ఞ. మన పువ్వు, మనకి చెప్పకుండా తీసుకుపోయి, మళ్ళీ దానికి కాపలా! ఒక కుర్ర తోటమాలి మాత్రం తను మనసిచ్చిన పిల్ల పుట్టినరోజున ఒక రెమ్మ తుంచి ఇచ్చాడు. ఆ పిల్ల దాన్ని నాటింది. ఊరంతా పాకింది.

టూర్‌లో ఈ కథ చెప్పేటప్పుడు నాకు ఆవేశం వస్తోంది. ఇవాళ ఒక చిన్నపాప భయపడి వాళ్ళమ్మ వెనక్కి వెళ్ళింది.

నవంబర్ 9

పద్మిని పుట్టినరోజు. డజను గులాబీలు తెచ్చాను. "బాగున్నాయండీ" అని వాసన చూసి, "పాపం, వీటికి వాసన పెట్టడం మర్చిపోయారు" అంది. రాత్రి భోజనాల దగ్గర, మన పెళ్ళిలో వాలుజడ నిండా బొడ్డుమల్లెలే, మీకు గుర్తుందా అని అడిగింది. నాకు హోమం పొగ గుర్తుంది. అదే చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

నవంబర్ 11

బొడ్డుమల్లె రెమ్మ ఒకటి కింద పడి ఉంది. ఊడ్చి పారేస్తారు కదా అని తెచ్చాను. కుండీలో గుచ్చి, పైన ఖాళీ ఊరగాయ సీసా బోర్లించి బేస్‌మెంట్‌లో లైటు కింద పెట్టాను. శాస్త్రీయ పరిశీలన కోసం.

నవంబర్ 12

నిన్న రాసింది పూర్తిగా సరికాదు. పడబోతూ ఉంది.

నవంబర్ 13

గాజు కింద మొక్కని బతికించే పెట్టె కనిపెట్టినవాడు లండన్లో ఒక డాక్టర్. డాక్టర్! ఆ పెట్టెల్లోనే చైనా నుంచి తేయాకు మొక్కల్ని దొంగతనంగా ఇండియాకి చేరవేశారు. నా ఊరగాయ సీసా కూడా అదే సూత్రం. అయితే నాది పరిశీలన.

కత్తెర నా కోటు జేబులో ఎందుకుందని పద్మిని అడిగింది. గోళ్ళకి అన్నాను.

నవంబర్ 15

కార్తీక వనభోజనాలు. ఇల్లినాయ్‌లో కార్తీకమాసం వస్తుంది గానీ వనం రాదు. ఆకు రాలిపోయి ఉంటుంది, మోకాళ్ళు వణుకుతాయి. ఏటా ఎవరో ఒకరి బేస్‌మెంట్‌లో కూర్చుని పులిహోర తిని వనభోజనం అనుకునేవాళ్ళం. ఈసారి నేను డోనాని ఒప్పించాను. తాటిచెట్ల కింద చాపలు పరిచి నలభైమందిమి కూర్చున్నాం.

ఉసిరిచెట్టు కింద తినాలి కదా. గ్లాస్‌హౌస్‌లో అదొక్కటే లేదు. గౌరీశంకర్ ఇండియన్ స్టోర్లో ఫ్రోజెన్ ఉసిరికాయల ప్యాకెట్ తెచ్చి తాటిచెట్టు మొదట్లో పెట్టాడు. "కాయ ఉన్నచోట చెట్టున్నట్టే లెక్క" అన్నాడు. అది కరిగి నా సాక్సులు తడిశాయి.

భోజనాలయ్యాక అందరినీ బొడ్డుమల్లె దగ్గరికి తీసుకెళ్ళి ఉపన్యాసం ఇచ్చాను. నా జీవితంలో అంత బాగా మాట్లాడలేదు. తేయాకు దొంగలు, రబ్బరు విత్తనాల దొంగలు, ఒక పువ్వు కోసం అడవికి అడవే ఖాళీ చేసిన ఆర్కిడ్ దొంగలు, ఆఖరికి మల్లెని బందీ చేసిన డ్యూకు. "ఒక్క ఆకు కూడా అడగకుండా తీసుకునే హక్కు ఎవడికీ లేదు!" అన్నాను. చప్పట్లు మారుమోగాయి. చైతన్య, అంకిత అని సాఫ్ట్‌వేర్ జంట, ముప్పై కూడా లేవు వాళ్ళకి. ఆ అమ్మాయిది వరంగల్. నా దగ్గరికొచ్చి, "అంకుల్, మస్త్ చెప్పిన్రు, గూస్‌బంప్స్ వచ్చినయ్" అంది. చేతులు రెండూ జాకెట్ జేబుల్లోనే ఉంచుకుంది పాపం, చలికి కాబోలు.

ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

నవంబర్ 18

రెమ్మ వాడుతున్నట్టుంది. మరికొంచెం నీళ్ళు పోశాను.

నవంబర్ 19

అద్భుతం! నిన్న రెండాకులు వేలాడుతున్నాయి. ఇవాళ పొద్దున నాలుగాకులు, నిటారుగా. ఒక్క రాత్రిలో. వైద్యం అంటే ఇదీ. పద్మినిని పిలిచి చూపించాను. "మీ హస్తవాసి" అంది.

డిసెంబర్ 2

బొడ్డుమల్లె బోసిగా కనిపిస్తోంది. కింది కొమ్మలన్నీ మొండిగా. వనభోజనాల ముందు ఇలా లేదు. డోనా కూడా చూసింది. "ఏం కొరుకుతోంది దీన్ని?" అని నన్నడిగింది.

ఉడతలయి ఉండచ్చన్నాను.

డిసెంబర్ 4

చెడ్డ వార్త. ఆ మడి తీసేసి కాఫీ కౌంటర్ పెట్టాలని బోర్డు అనుకుంటోందట. పూయని మొక్కకి అంత చోటెందుకని వాళ్ళ వాదన. మే నెల ఓపెన్ డే నాటికి పూస్తే ఉంచుతారు, లేకపోతే వేళ్ళతో సహా పీకేస్తారు. "నాకు చాలా ఇష్టం విశ్, కానీ బోర్డుకి వాసన చూపించలేను కదా" అంది డోనా.

నేను పూయిస్తానన్నాను. మాట ఇచ్చేశాను.

డిసెంబర్ 6

దీన్ని ముద్దు చేసి చెడగొట్టారు. రోజూ నీళ్ళు, రోజూ ఎరువు. మల్లెకి అలా కుదరదు. మా అమ్మ చలికాలంలో నీళ్ళు మాన్పించేది. మొక్క ఉసూరుమన్నాక ఆకంతా దూసేసి, కొమ్మ కత్తిరించి, అప్పుడు మొదలు తడిపేది. ఎండలు ముదిరేసరికి ఆకు కనపడకుండా మొగ్గ. మైలవరంలో మల్లె తెలిసినవాళ్ళంతా అంతే చేస్తారు.

డోనా సందేహించింది. "అక్కడ ఎండ ఉంటుంది. ఇక్కడ జనవరిలో వెలుగే ఉండదు. పైగా ఆ మడి కింద నుంచి వేడినీళ్ళ గొట్టం పోతుంది, ఆరబెడితే వేళ్ళు కాలిపోతాయి" అంది. మూడు వేల ఏళ్ళ అనుభవం అని చెప్పాను. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో నాకూ తెలియదు. ఆమె ఒప్పుకుంది.

డిసెంబర్ 30

నీళ్ళు ఆపి మూడు వారాలు దాటింది. మొక్క బాగా ఉసూరుమంటోంది. చాలా బాగుంది.

జనవరి 17

ఇవాళ ఆకు దూశాను. చేతులకి పసరు వాసన. అమ్మ గుర్తొచ్చింది. పాట పాడుకుంటూ దూశాను, ఒక టూరిస్టు వీడియో తీసుకున్నాడు.

ఫిబ్రవరి 3

నీళ్ళు పెట్టి పది రోజులు. చిగురు లేదు. తొందరేముంది.

ఫిబ్రవరి 12

చిగురు లేదు.

ఫిబ్రవరి 21

గోటితో బెరడు గీకి చూశాను. లోపల పచ్చగా ఉండాలి. గోధుమరంగు. ఇంకో కొమ్మ. గోధుమరంగు. మొదలు దగ్గర గీకాను. అక్కడా అంతే. పోయింది. నేను ఎంతమందికి చెప్పి ఉంటాను ఆ మాట, హాస్పిటల్ వరండాలో నిలబడి. ఇవాళ నాకు చెప్పేవాళ్ళు లేరు.

డోనా వచ్చి నా పక్కన చప్టా మీద కూర్చుంది. వేలు మట్టిలో గుచ్చి చూసింది. "గొట్టం" అంది, అంతే. తిట్టలేదు. తిడితే బాగుండేది.

వందేళ్ళు బతికిన మొక్క. ఆ డ్యూకు బందీ చేశాడే గానీ చంపలేదు.

ఫిబ్రవరి 22

గ్లాస్‌హౌస్‌కి వెళ్ళనని చెప్పాను. మంగళవారాలు ఇంట్లో ఉంటే నాకు పెద్ద తేడా ఏమీ తెలియదు.

ఫిబ్రవరి 26

పోపుల డబ్బా సర్దాను. పద్మిని ఏమీ అనలేదు.

మార్చి 1

బేస్‌మెంట్‌లో నా రెమ్మ సీసా తీసేసేంత ఎత్తు పెరిగింది. దాని మొహం చూడడానికే సిగ్గేస్తోంది.

మార్చి 7

ఇవాళ జరిగింది వివరంగా రాయాలి.

మధ్యాహ్నం అంకిత ఫోన్ చేసింది. "అంకుల్, మీరు డాక్టర్ కదా. మా దానికి ఆకులు పచ్చగయితున్నయ్."

"పచ్చగా ఉంటే మంచిదేగా అమ్మా."

"అట్ల కాదంకుల్, పసుపు పచ్చ. కింద నుంచి రాలుతున్నయ్."

"ఏ మొక్కకి?"

ఫోన్లో వెనకాల చైతన్య గొంతు: "చెప్పకు అన్నా కదనే!"

కారు తీసుకుని వాళ్ళ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళాను. కిటికీ పక్కన, పాత పెరుగు డబ్బాలో, నా బొడ్డుమల్లె! ఇద్దరూ స్కూల్ పిల్లల్లా తలొంచుకుని నిలబడ్డారు. "సారీ అంకుల్. మీరు స్పీచ్ ఇస్తుంటే వెనకాల చిన్న కొమ్మ... మా అమ్మమ్మ అంటది, అడక్కుండ తెచ్చిన మొక్కనే బతుకుతదని" అంది అంకిత. ఏడుపు మొహం పెట్టింది.

నాకు కోపం రావాలి. రాలేదు. మట్టి పట్టుకుని చూశాను. నీళ్ళు ఎక్కువ, డబ్బాకి చిల్లు లేదు. చిల్లు పెట్టించాను. రోజు విడిచి రోజు నీళ్ళు, దక్షిణం కిటికీ, వారం తర్వాత మళ్ళీ చూస్తానని చెప్పాను. లేస్తుంటే అడిగాను, "ఇంకెవరి దగ్గర ఉంది?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అందరి దగ్గరా అంకుల్" అన్నాడు చైతన్య.

కార్లో కూర్చుని స్టీరింగ్ మీద తల పెట్టి నవ్వాను. చాలాసేపు నవ్వాను. కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. కొమ్మ నాటితే వచ్చేది పిల్ల కాదు, అదే మొక్క. అంటే నేను చంపింది చావలేదు! నా ఉపన్యాసం వింటూ నలభైమంది దాన్ని బతికించేశారు.

మార్చి 8

గౌరీశంకర్ తలుపు తీయగానే సూటిగా అడిగాను. "మల్లెమొక్కా? నాకేం తెలుసు?" అన్నాడు. లోపలి నుంచి కమ్మగా చిగురు వాసన. భోజనాల బల్ల మీద కుర్చీలు తీసేసి, మూడు లైట్లు, తేమ కొలిచే మిషన్, చుట్టూ ప్లాస్టిక్ షీటుతో డేరా. లోపల దొరగారిలా కూర్చుని ఉంది. నిజంగానే చిన్న గ్లాస్‌హౌస్ కట్టాడు.

"ఎక్కడ భోంచేస్తున్నారయ్యా నువ్వూ, మీ ఆవిడా?"

"నిలబడి" అన్నాడు.

మార్చి 19

రౌండ్స్ మొదలయ్యాయి. మంగళవారం నేపర్‌విల్, గురువారం అరోరా. ఒకరింట్లో పిండిపురుగు, ఒకరింట్లో పిల్లి. ప్రతి ఇంట్లోనూ ముందు అబద్ధం, తర్వాత కాఫీ, తర్వాత మొక్క. నిన్న ఒకావిడ మొక్కని బాత్రూమ్‌లో దాచి, "లోపల మా ఆయన ఉన్నారు" అంది. ఆయన నా పక్కనే సోఫాలో కూర్చుని ఉన్నాడు.

పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే పద్మిని చూసి నవ్వింది. మళ్ళీ నన్ను డాక్టర్ గారూ అని పిలుస్తున్నారు.

ఏప్రిల్ 5

మా ఇంట్లో మీటింగ్ పెట్టాను. మొక్కలన్నీ తిరిగి ఇచ్చేద్దామన్నాను. ఒక్కసారిగా గోల. "దొంగిలించిన మొక్క తిరిగిస్తే చస్తుందయ్యా" అన్నాడు గౌరీశంకర్. "మా పాప దానికి పేరు కూడా పెట్టింది" అన్నారెవరో. అంకిత లేచి నిలబడింది. "అక్కడ ఆ మడి పోతే మళ్ళ మనకి వనభోజనం ఎక్కడ? నేను ఇస్తా" అంది. ఆ తర్వాత చాలామంది ఒప్పుకున్నారు. గౌరీశంకర్ పులిహోర కూడా తినకుండా వెళ్ళిపోయాడు.

నీ సంగతేంటని నన్నెవరూ అడగలేదు. నాది పరిశీలన కదా.

ఏప్రిల్ 9

డోనాకి చెప్పాలి. వారం నుంచి మాటలు కూడబలుక్కుంటున్నాను. గ్లాస్‌హౌస్ దాకా వెళ్ళి, కార్లో కూర్చుని తిరిగొచ్చాను.

ఏప్రిల్ 11

చెప్పాను. చచ్చిన మోడు ఇంకా మడిలోనే ఉంది. దాని పక్కన నిలబడి, "డోనా, ఆ ఉడతల సంగతి" అన్నాను.

"ఎన్ని ఉడతలు, విశ్?" అంది.

ఆమెకి తెలుసు! మొదటి నుంచీ తెలుసు! "వనభోజనం అయ్యాక మీవాళ్ళు జేబుల్లో చేతులు పెట్టుకుని నడిచిన తీరు చూశాను. లోపల చెమటలు పోసే వేడి, అందరికీ చలేస్తోంది" అని పడీపడీ నవ్వింది. మరెందుకు ఊరుకున్నావంటే, చిన్నప్పుడు బెల్జియంలో ఏదో రాజుగారి గాజుతోట చూడడానికి వెళ్ళి, తను కూడా సాక్సులో ఒక ఫెర్న్ రెమ్మ తెచ్చిందట. అది ఇప్పటికీ వాళ్ళ వంటింట్లో ఉంది. "తోటలు ఇలాగే నడుస్తాయి విశ్. ఎవరూ చెప్పరు, అంతే" అంది.

తర్వాత నవ్వు ఆపి, "కానీ బోర్డుకి కుండీలు చాలవు. పువ్వు కావాలి" అంది. నాలుగు వారాలే ఉన్నాయి.

ఏప్రిల్ 24

ఎవరింట్లోనూ మొగ్గ లేదు. అన్నీ ఆకులే.

మే 2

బేస్‌మెంట్‌లో నా మొక్క చివర ఆవగింజంత ఏదో ఉంది. ఆకు కావచ్చు. ఆశ పెట్టుకోకూడదు.

మే 5

ఆకు కాదు.

మే 6

మూడు మొగ్గలు! పద్మినీ, పద్మినీ అని మెట్ల కింద నుంచి అరిచాను. కంగారుగా వచ్చింది, నాకేమో అయిందనుకుని. చూసి, మెట్టు మీద కూర్చుండిపోయింది. అది ఏడుపో నవ్వో నాకు తెలియలేదు. ఇద్దరం అక్కడే కాఫీ తాగాం.

మే 9

ఓపెన్ డే.

పొద్దున్నే కుండీలు రావడం మొదలైంది. మినీవ్యాన్లలో, ఒళ్ళో, పాపాయి సీటుకి బెల్టు పెట్టి. పెరుగు డబ్బాలు, ఇడ్లీ పిండి బకెట్లు, ఒకటి ప్రెషర్ కుక్కర్‌లో. డోనా లెక్కపెట్టడం మానేసింది. అందరి తర్వాత, తలుపు రెండు రెక్కలూ తీయించి, ట్రాలీ మీద గౌరీశంకర్ వచ్చాడు. ట్రాలీతో, కుండీతో కలిపి ఆ మొక్క అతని భుజం దాకా ఉంది. "చస్తే నీదే బాధ్యత" అని నాతో అని, మడిలో తనే వంగి దించాడు. లేచాక అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

మోడు చుట్టూ కుండీలన్నీ పెట్టాం. మధ్యలో నాది. తెల్లగా, ముద్దగా, ఒకే ఒక్క పువ్వు, పక్కన రెండు మొగ్గలు. ఎండ గాజు మీద పడి లోపల వేడెక్కేసరికి వాసన లేచింది. బోర్డు పెద్దాయన ఏదో ఫైలు చదువుకుంటూ వస్తున్నవాడు నడక ఆపేశాడు. ఫైలు మూసి, కళ్ళు మూసుకున్నాడు. కాఫీ కౌంటర్ గేటు దగ్గర పెట్టుకోవచ్చు అన్నాడు కాసేపటికి.

పులిహోరలు, దద్దోజనాలు బయటికొచ్చాయి. వైశాఖంలో వనభోజనం! డోనా చాప మీద కూర్చుని ఆవకాయ తిని నీళ్ళకోసం పరుగెత్తింది. ఇత్తడి పలక కింద కొత్త పలక పెట్టించింది. తెలుగు అక్షరాలు, "బొడ్డుమల్లె." అంకిత రాసిచ్చిందట. డ్యూకు పేరు పైనే ఉంది. ఉండనీ, పాపం అన్నేళ్ళు కాపలా కాశాడు.

సాయంత్రం జనం వెళ్ళాక డోనా కత్తెర తెచ్చి, ఆ పువ్వు తనే కోసి, పద్మిని చేతిలో పెట్టింది. "ఇది దొంగతనం కాదు. నేను తోటమాలిని" అంది. పద్మిని అక్కడే అద్దంలో చూసుకుని జడలో పెట్టుకుంది. డెబ్బై దగ్గర పడుతున్న పద్మిని. ఎంత బాగుందో. నాకు పెళ్ళినాటి వాలుజడ ఇప్పుడు గుర్తొచ్చింది, పొగతో సహా.

కార్లో నేను ఆగలేక, "చూశావా, అన్నింట్లోకీ నాదే పూసింది. ఊరగాయ సీసా సూత్రం" అన్నాను.

పద్మిని కిటికీలోంచి బయటికి చూస్తూ, "మీది నవంబర్లోనే చచ్చిపోయిందండీ" అంది.

"మరి ఇది?"

"నాది. మీరు వనభోజనాల్లో దొంగలు దొంగలు అని అరుస్తుంటే తుంచాను. అందరూ మిమ్మల్నే చూస్తున్నారు కదా, వీలుగా ఉంది."

నేను కారు పక్కకి ఆపాను.

"మీరు నీళ్ళు పోసి పోసి దాన్ని కుళ్ళబెట్టేశారు. పొద్దున్నే ఆ సీసా దగ్గరికి వెళ్ళి చూసుకుని, మెట్లెక్కి వచ్చేటప్పుడు మీ మొహం ఎలా వెలిగేదో మీకు తెలియదు. రిటైరయ్యాక మొదటిసారి చూశానండీ ఆ మొహం. చచ్చిపోయిందని నేనెలా చెప్పను? నాది తీసి అందులో పెట్టేశాను" అంది. కాసేపాగి, "అయినా మీరెందుకు తుంచారు? పుట్టినరోజు దాటి రెండు రోజులకి" అని అడిగింది.

శాస్త్రీయ పరిశీలన అన్నాను.

"సర్లెండి" అంది. కారంతా మల్లెల వాసన.

మే 10

నవంబర్ 11న రాసింది తప్పు. రెమ్మ కింద పడి లేదు. పడబోతూ కూడా లేదు. కత్తెర ఇంటి నుంచే తీసుకెళ్ళాను. పద్మిని కోసం కోశాను.

ఇప్పుడు పైకి వెళ్ళి ఆమెకి చెప్పాలి.